మావయ్య కోసిన పావంగుళం

మా మావయ్యను ప్రెస్సులో అందరూ పావంగుళం అనేవారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, చివరికి ఆయనే ఫోనెత్తి "పావంగుళాన్ని మాట్లాడుతున్నా" అనే దాకా వచ్చింది. ఆయన బైండరు. ఏ పుస్తకం తెచ్చి చేతిలో పెట్టినా లోపల ఏముందో చూసేవాడు కాదు. మూడు వైపులా అంచులు తడిమి, "ఒక్క పావంగుళం తీసేద్దామా?" అని అడిగేవాడు. వద్దంటే ఆ పూట ఆయనకు భోజనం సయించేది కాదు.

ఈ జబ్బు పుస్తకాలతో ఆగితే బాగుండేది. గోడ మీది క్యాలెండరు కోశాడు, కరెంటు బిల్లులు కోశాడు, ఫ్రేములో పట్టలేదని తన పెళ్ళి ఫోటోనే కోశాడు. ఆ ఫోటోలో చివర నిలబడ్డ మా నాన్నకు ఒక చెవి లేదు. మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ ఇంటికి వెళ్ళినప్పుడల్లా ఫోటో ముందు చేతులు కట్టుకుని నిలబడి, "ఏమోయ్ బావమరిదీ, నా చెవి ఏ పుస్తకంలో పెట్టి కుట్టావు?" అని అడిగేవాడు. మావయ్య నవ్వేవాడు కాదు. ఎంత కోయాల్సి వచ్చిందో, ఎందుకు కోయాల్సి వచ్చిందో వివరంగా చెప్పేవాడు.

నేను అదే ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని. ముందు గదిలో అచ్చు యంత్రాలు, మధ్య గదిలో నా బల్ల, వెనక గదిలో మావయ్య. మా ఇద్దరి గదులకూ మధ్య గుమ్మం ఉండేది కానీ తలుపు లేదు. ఆయన కటింగ్ మిషను చక్రం తిప్పి కత్తి దించినప్పుడల్లా నా బల్ల మీద టీ గ్లాసు వణికేది. ఇరవై రెండేళ్ళు ఆ వణుకు పక్కన కూర్చున్నాను కాబట్టి ఆయన గురించి చెప్పే హక్కు నాకు కాస్త ఉంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ కథలో నేను కోప్పడని మనిషి లేడు, నాతో సహా. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

ఆయన పదహారో ఏట ఆ వెనక గదిలోకి వచ్చాడు. ముందు జిగురు కాచడం, తర్వాత అచ్చయిన ఫారాలు పేజీలుగా మడవడం, తర్వాత కుట్టడం, అన్నిటికంటే ఆఖర్న కోయడం నేర్పారట. కత్తి చేతికివ్వడానికి ఆయన గురువు నాలుగేళ్ళు ఆగాడట. "కుట్టు తప్పితే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కోత తప్పితే ఏం చేస్తావు?" అని ఆయన రోజూ అనేవాడని మావయ్యే చెప్పాడు. ఆ మాట విన్నవాడు కోతకు భయపడాలి. మా మావయ్య దాన్ని ప్రేమించాడు. ఎగుడుదిగుడు అంచులున్న పుస్తకం నొక్కు చెక్కల మధ్య నుంచి బయటికొచ్చి, కత్తి కింద ఒక్క దెబ్బకు నున్నటి గోడలా మారిపోవడం చూస్తే ఆయన మొహం వెలిగేది. బొటనవేలితో ఆ అంచును ఒకసారి పై నుంచి కిందికి రాసి, అప్పుడు టీ తాగేవాడు.

ఆయన ఇల్లు ప్రెస్సు పైనే. ఇంట్లో మా అత్త, వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లను మేమంతా పిచ్చుక అనేవాళ్ళం, ఒకచోట కుదురుగా వాలేది కాదు కనక. చేతిలో ఎప్పుడూ ఒక టేపు, పెన్సిలు. వీధిలో మెట్లు కనిపిస్తే మెట్లు కొలిచేది, కిటికీ కనిపిస్తే కిటికీ కొలిచేది, ఎవరి ఇంటికైనా వెళ్తే పలకరింపుల కంటే ముందు గుమ్మం ఎత్తు చూసేది. కొలిచినవన్నీ ఇంటికొచ్చి గీసేది. కొలత దగ్గర మాత్రం అచ్చం తండ్రి. నేను ఒకసారి ఆ పిల్ల గీసిన మా ఇంటి మెట్ల బొమ్మ చూసి, మూడో మెట్టు మిగతావాటి కంటే పొట్టిగా ఉందని తప్పు పట్టాను. ఇంటికి వెళ్ళి చూస్తే నిజంగానే మూడో మెట్టు పొట్టి. నలభై ఏళ్ళుగా దాన్నెక్కుతున్న నాకు తెలియలేదు.

ఆ ఏడు పిచ్చుక ఒక పెద్ద యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టింది. ఇళ్ళూ భవనాలూ ఎలా కట్టాలో ఊహించి గీయడం నేర్పే చోటు అది. ఏటా వేలమంది ప్రయత్నిస్తే నలభై మందిని తీసుకుంటారు. పరీక్షా ఇంటర్వ్యూ ఏమీ ఉండవు. ఇరవై నాలుగు బొమ్మలు గీసి, పుస్తకంగా కుట్టి పంపాలి. పెద్దలు కొందరు కూర్చుని ఆ బొమ్మలు చూసి తేలుస్తారు. గీసినవాళ్ళ పేరు పుస్తకంలో ఎక్కడా ఉండకూడదు. ప్రతి బొమ్మకూ కింది అంచున దరఖాస్తు నంబరు, దాని పక్కన పేజీ సంఖ్య మాత్రం చిన్నగా రాయాలి. పేరున్న ఫారం విడిగా వేరే కవరులో పెట్టాలి.

ఆ పిల్ల ఆరు నెలలు గీసింది. పోస్టు చేసే గడువు రేపనగా బొమ్మలన్నీ తెచ్చి తండ్రి బల్ల మీద పెట్టి, తను కాలేజీ పరీక్షకు పరుగెత్తుతూ ఒక మాట చెప్పింది. "నాన్నా, కుట్టు చాలు. అంచులు కోయకు. సైజు వాళ్ళు చెప్పినంతే ఉండాలి." మావయ్య సరేనన్నాడు. నేను విన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఆ పుస్తకాన్ని కుట్టిన తీరు మళ్ళీ ఎప్పుడూ కుట్టలేదు. రెండు పేటల దారం, మైనం పట్టించి మరీ. కుట్టడం అయ్యాక దాన్ని నిలబెట్టి చూశాడు. పిచ్చుక కాగితాలు రెండు షాపుల్లో కొంది, ఒక కట్ట కాగితాలు వెంట్రుక మందం పెద్దవి. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఆయన దాన్ని పక్కన పెట్టాడు. బయటికెళ్ళి టీ తాగొచ్చాడు. మళ్ళీ చేతిలోకి తీసుకుని బొటనవేలితో తడిమాడు. ఆ వేలు ఆగిన చోటల్లా ఆయన మొహం ముడుచుకోవడం నాకు గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉంది. నేను ఏదో సంస్థ వార్షిక నివేదిక దిద్దుతున్నాను. కాసేపటికి చక్రం తిరిగిన చప్పుడు వినపడింది, నా టీ గ్లాసు వణికింది. కత్తి కింద ఏ పుస్తకం ఉందో నాకు తెలుసు. లేచి వెళ్ళి "కోయొద్దంది కదా" అనడానికి ఆరడుగులు వేస్తే చాలు. పేజీ మధ్యలో ఉన్నానని లేవలేదు.

పై కాగితం ఖాళీది కాబట్టి, లోపలి పేజీల మీద ఏముందో కోసేటప్పుడు ఆయనకు కనిపించలేదు. ఆయన అసలు లోపల చూసే మనిషి కాడు. నీలం క్యాలికో గుడ్డతో అట్ట వేసి, సాయంత్రం తనే పోస్టాఫీసుకు తీసుకెళ్ళి రిజిస్టరు చేసి వచ్చాడు. పిచ్చుక రాగానే ఎలా వచ్చిందని అడిగింది. "శుభ్రంగా వచ్చింది" అన్నాడు. అది అబద్ధం కాదు.

తెల్లటి అంచు ముక్కలు ఆయన పారేసేవాడు కాదు. ప్రూఫుల్లో గుర్తులు పెట్టుకోవడానికి పనికొస్తాయని ఒక డబ్బాలో వేసి నాకిచ్చేవాడు. పుస్తకం పంపిన తొమ్మిదో రోజున ఆ డబ్బాలోంచి ఒక ముక్క తీశాను. దాని మీద ఆరు చిన్న అంకెలు, ఒక గీత, పద్నాలుగు. పిచ్చుక ఏడు అంకెకు నడుం మీద అడ్డగీత పెడుతుంది. ఆ ఆరింటిలో ఒకటి ఏడు, దాని నడుం మీద ఆ అడ్డగీత ఉంది. డబ్బా బోర్లించి వెతికాను. ఇరవై నాలుగూ దొరికాయి.

మావయ్యకు చూపించాను. ఆయన ముక్కలన్నిటినీ బల్ల మీద వరసగా పేర్చాడు, ఒకటి, రెండు, మూడు అని. ఇరవై నాలుగు పేర్చాక, వాటిని చేత్తో సమంగా సర్ది, కుర్చీలో కూర్చున్నాడు. ఆ సర్దడం చూసి నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు కూడా సర్దుతావా అని అరిచాను. ప్రూఫులు చదివి చదివి నాకు తప్పు కనపడగానే అరవడం అలవాటైపోయింది.

మర్నాడు పొద్దున్నే, క్యాలికో కొనడానికి వెళ్తున్నానని అత్తకు చెప్పి, ఆ ముక్కలు కవరులో పెట్టుకుని బస్సెక్కాడు. నాలుగు గంటల ప్రయాణం. అక్కడ అద్దం వెనక కూర్చున్న గుమాస్తా చెప్పింది విని తిరిగొచ్చి నాకు చెప్పాడు. గడువు దాటాక ఏ కాగితమూ తీసుకోరు. నంబర్లు లేని పుస్తకాలు మామూలుగా పక్కన పెట్టేస్తారు. పైవాళ్ళు ఏం చేస్తారో ఆ గుమాస్తాకు తెలియదు. కవరు వెనక్కి ఇచ్చేశాడు. "చాలా మర్యాదగా మాట్లాడాడు" అని కూడా చెప్పాడు మావయ్య, అదేదో ఊరట అన్నట్టు. క్యాలికో తేవడం మర్చిపోయాడు.

ఆ తర్వాత రెండున్నర నెలలు ఎదురుచూపులు. పై ఇంటికి పోస్టు డబ్బా లేదు, ఉత్తరాలన్నీ ప్రెస్సుకే వచ్చి నా బల్ల మీద పడతాయి. రోజూ పదకొండింటికి పిచ్చుక మెట్లు దిగి వచ్చి నా ఎదురుగా కూర్చునేది. పోస్టుమాన్ సైకిలు గంట వీధి మలుపులో వినపడితే మాట మధ్యలో ఆపేసేది. అతను ఏమీ లేదని తలూపితే, ఏమీ పట్టనట్టు నా ప్రూఫులు తిరగేసేది. రేపొస్తుంది లెమ్మని తనకు తనే చెప్పుకునేది. ఆ యూనివర్సిటీ ఫోటోలు ఎక్కడో సంపాదించి, హాస్టల్లో ఏ వైపు కిటికీ ఉన్న గది అడగాలో కూడా నిర్ణయించుకుంది. మా అత్త సంగతి సరేసరి. ఆవిడకు చెబితే వీధికంతా చెప్పినట్టే. కూరగాయలవాడి దగ్గర్నుంచి డాక్టరు దాకా అందరూ ఆ పిల్లను "ఏమైంది, వచ్చిందా?" అని పలకరించడమే. ఆ ప్రశ్న ఒక్కొక్కటీ గుమ్మం అవతల మావయ్యకు తగులుతూ ఉండేది. ఆయన భోజనం సగానికి సగం తగ్గింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒక డిక్షనరీకి అట్ట తలకిందులుగా వేశాడు.

నేను చెప్పేయమన్నాను. ఆయన ఇవాళా రేపూ అని నాన్చాడు. బహుశా చూస్తారేమో, బహుశా పై కవరు బట్టి తెలుసుకుంటారేమో అనేవాడు. ఆ బహుశాతోనే రెండు నెలలు గడిపాడు.

ఒకరోజు పోస్టుమాన్ వెళ్ళిపోయాక పిచ్చుక లేవలేదు. నా పెన్ను మూత తీస్తూ పెడుతూ మెల్లగా అంది.

"వదినా, వాళ్ళు వేలమందివి చూసి చెబుతారు కదా. వాళ్ళు వద్దంటే నాకేమీ రాదనే అర్థం. ఇంక పెన్సిలు ముట్టుకోను. ఏదో ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం చూసుకుంటా."

పిచ్చిదానా, అలా అనకూడదన్నాను. ఒట్టేసి చెబుతున్నానంది. వెనక గదిలో జిగురు కుంచె చప్పుడు ఆగిపోయింది. ఆ పిల్ల వేళాకోళానికి ఒట్టు పెట్టే రకం కాదు. చిన్నప్పుడు పాట సరిగా రాలేదని ఒకసారి టీచరంటే, మళ్ళీ నోరు విప్పి పాడలేదు. ఆ సంగతి నాకు తెలుసు, తండ్రికి ఇంకా బాగా తెలుసు.

ఆ ఆదివారం మావయ్య నన్ను పైకి రమ్మన్నాడు. అత్త బట్టలు మడతపెడుతోంది, పిచ్చుక నేల మీద కూర్చుని ఏదో గీస్తోంది. ఆయన కవరు తీసి, ముక్కలు కూతురి ముందు పెట్టాడు.

"ఆ పుస్తకం అంచులు కోశానమ్మా. నంబర్లన్నీ పోయాయి."

ఆ పిల్ల ముందు నవ్వింది. తర్వాత ఒక ముక్క తీసి చూసింది, తర్వాత ఇంకొకటి.

"కోయనన్నావు."

"అన్నాను."

"మరెందుకు కోశావు?"

"ఎగుడుదిగుడుగా ఉందమ్మా" అన్నాడు.

అంతకంటే గొప్ప కారణం ఏదైనా కల్పించి చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఎన్నోసార్లు అనిపించింది. అత్త ఒంటికాలి మీద లేచింది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన కోసినవన్నీ పేరుపేరునా ఏకరువు పెట్టింది. పిచ్చుక అరవలేదు, ఏడవలేదు. కాగితాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. ఆయన భోజనానికి కూర్చుంటే తను లేచేది, ఆయన మెట్లెక్కుతుంటే గోడకు ఒదిగి దారిచ్చేది. ఆ దారివ్వడం తిట్టు కంటే ఘోరంగా ఉండేది.

కానీ గీయడం ఆపలేదు. అదే నేను గమనించింది. ఇంతకు ముందు కంటే ఎక్కువ గీసేది, కసిగా గీసేది. పోస్టుమాన్ కోసం వచ్చి కూర్చున్నప్పుడు కూడా నా పనికిరాని ప్రూఫుల వెనక గీసేది. "చూసి ఉంటే తీసుకునేవాళ్ళు వదినా, నాకు తెలుసు" అనేది. ఆ మాట అన్నప్పుడు దాని కళ్ళలో ఇదివరకటి బెరుకు లేదు. గుమ్మం అవతల నుంచి మావయ్య ఆ మాట వినేవాడు.

ఉత్తరం ఒక బుధవారం వచ్చింది. పిచ్చుక లైబ్రరీకి వెళ్ళింది. బరువైన కవరు, మూల మీద యూనివర్సిటీ ముద్ర. నేను దాన్ని చేతిలో పట్టుకుని నిలబడ్డాను. మావయ్య వచ్చి చెయ్యి చాచాడు. అది దాని పేరు మీద వచ్చిందన్నాను. తెలుసన్నాడు. తన వల్ల ఎంత నష్టం జరిగిందో కూతురి కంటే ముందు తనకు తెలియాలన్నాడు. కాగితాలు మడిచే ఎముక బద్దతో కవరు అంచును నలగకుండా విప్పాడు. ఆయన విప్పితే విప్పినట్టే తెలియదు.

లోపల రెండు కాగితాలు. మొదటిది అందరికీ పంపేదే. ఈ ఏడు మీకు ప్రవేశం ఇవ్వలేకపోతున్నామని రెండు వాక్యాలు. రెండోది పరిశీలన పత్రం. ఆయన దాన్ని రెండుసార్లు చదివి నాకిచ్చాడు. నేను ఒక్కసారే చదివాను కానీ ప్రతి మాటా గుర్తుంది. పేజీల మీద నంబర్లు లేకపోయినా, అలా లేని పుస్తకం ఇదొక్కటే కావడం వల్ల గుర్తించడంలో ఇబ్బంది కలగలేదు. ఇరవై నాలుగు చిత్రాలనూ పూర్తిగా పరిశీలించాము. కొలతలు కచ్చితంగా ఉన్నాయి, గీత శుభ్రంగా ఉంది. అయితే ఇవన్నీ ఉన్నవాటిని చూసి గీసినవే. లేనిదాన్ని ఊహించే శక్తి వీటిలో కనిపించలేదు. ఈ రంగం అభ్యర్థికి సరిపడదని మా అభిప్రాయం. చివర ఒక వాక్యం: పుస్తకం కుట్టు, బైండింగ్ పనితనం ప్రశంసనీయం.

ముప్పై రెండేళ్ళలో ఆయన పనిని మెచ్చుకుంటూ ఎవరూ ఒక ముక్క రాయలేదు. మొదటిసారి రాసింది ఆ కాగితం మీద. నేను ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

"మావయ్యా, నీ తప్పు లేదని వాళ్ళే రాశారు" అన్నాను. "చూపించు. ఆ పిల్ల నీతో మాట్లాడుతుంది."

"మాట్లాడుతుంది. పెన్సిలు మాత్రం ముట్టుకోదు."

అంతటితో ఆగలేదు. "కొలతలు నా దగ్గర నేర్చుకుంది. మిగతాది నేర్పడం నాకు రాలేదు" అన్నాడు, నాతో కాదు, ఆ కాగితంతో.

నేను పోట్లాడాను. ఒకరి ఉత్తరంలోంచి కాగితం తీసే హక్కు కన్నతండ్రికి కూడా లేదన్నాను. ఆ పిల్లకు నిజం తట్టుకునే శక్తి ఉందో లేదో నువ్వెవరు తేల్చడానికి అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. ఆయన వింటూనే ఉన్నాడు. బల్ల మీద ఏదో ఆసుపత్రి వాళ్ళ లావుపాటి రిజిస్టరు అట్ట కోసం ఎదురుచూస్తోంది. పుస్తకం వీపు గట్టిపడటానికి బైండర్లు లోపల పనికిరాని కాగితం అంటిస్తారు. మావయ్య ఆ రెండో కాగితాన్ని వీపు కొలతకు మడిచి, జిగురు రాసి, అంటించి, పైన గుడ్డ వేసేశాడు. మూడు నిమిషాలు పట్టింది. తర్వాత మొదటి కాగితాన్ని కవరులో పెట్టి, మళ్ళీ అంటించి, నా బల్ల మీద పెట్టాడు. ఆ రిజిస్టరు శుక్రవారం వెళ్ళిపోయింది.

ఆ బుధవారమే పిచ్చుక పన్నెండింటికి వచ్చింది. కవరు చూడగానే చెప్పులు విప్పడం కూడా మర్చిపోయింది. నిలబడే చింపింది, చదివింది, కవరులో ఇంకేమైనా ఉందేమోనని వేళ్ళు పెట్టి చూసింది. నేను తల వంచుకుని ప్రూఫు చదువుతున్నట్టు నటించాను.

"కారణం కూడా రాయలేదు వదినా. ఏం రాస్తారు, చూస్తే కదా" అంది. గుమ్మం దాకా వెళ్ళి, ఆ ఆదివారం తర్వాత మొదటిసారి తండ్రి మొహంలోకి చూసింది.

"నీ వల్లే."

"అవునమ్మా, నా వల్లే" అన్నాడు మావయ్య.

మరుసటి ఏడు ఆ పిల్ల ఇంకో ఊళ్ళో చిన్న కాలేజీకి పంపింది. ఈసారి బొమ్మలు తనే కుట్టుకుంది, వంకరగా. అవి నేను చూశాను. అందులో మా వీధి లేదు, మా మెట్లు లేవు. ఎక్కడా లేని ఇళ్ళు అవి, ఎవరికీ తట్టని చోట కిటికీలు. కోపంతో గీసినవని చూస్తేనే తెలుస్తుంది. వాళ్ళు చేర్చుకున్నారు. ఐదేళ్ళు చదివి, వచ్చి, ఈ ఊళ్ళోనే పనిచేసింది. ఇవాళ ఇక్కడి రెండు బడులూ, ఒక బస్టాండూ పిచ్చుక గీసినవే. జనం ఆ బస్టాండులో ఎండ పడదని మెచ్చుకుంటారు. ఎవరైనా పెద్ద యూనివర్సిటీ ప్రస్తావన తెస్తే, "వాళ్ళు నా బొమ్మలు చూడనే లేదు" అని తేలిగ్గా అనేది. పక్కన మావయ్య ఉంటే తలూపేవాడు.

తండ్రితో మాట్లాడటం మళ్ళీ మొదలుపెట్టింది, కానీ ఎలాంటి మాటలు? మందు వేసుకున్నావా, తలుపు వేసుకో, రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఏ లోటూ చేయలేదు. కళ్ళకు ఆపరేషన్ చేయించింది, మోకాళ్ళ నొప్పులని ఇంటి మెట్లు పడగొట్టించి ఎత్తు తగ్గించి కట్టించింది. ఆ మెట్లు ఎక్కుతూ ఆయన ఒక్కొక్క మెట్టునూ చేత్తో ముట్టుకునేవాడు. చిన్నప్పటిలా ఆయన భుజానికి ఆనుకుని కూర్చోవడం మాత్రం మళ్ళీ జరగలేదు.

నాకు ఉండబట్టలేక ఒకసారి అడిగాను. నిజం చెప్పొద్దులే, కనీసం తప్పయిపోయిందని ఒక్క మాట అను, కరిగిపోతుంది కదా అన్నాను. ఆయన చాలాసేపు జిగురు కలిపాడు.

"కరుగుతుంది. కరిగాక ఆలోచిస్తుంది. ఒక్క నంబరు లేనందుకు అంత పెద్ద వాళ్ళు చూడకుండా ఉంటారా అని అనుమానమొస్తుంది. నా మీద కోపం ఉన్నంతకాలం దానికి ఆ అనుమానం రాదు" అన్నాడు.

ఈ మనిషి లోపల చూడడని ఇన్నేళ్ళూ నవ్వాను.

అలా పదకొండేళ్ళు. పోయిన నెల ఒక మధ్యాహ్నం, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పిచ్చుక అందరి ముందూ గట్టిగానే ఉంది. వారం తర్వాత వెనక గది ఖాళీ చేయడానికి ఇద్దరం కూర్చున్నాం. సూదులు ఒక పక్క, దారాలు ఒక పక్క పెడుతూ పెడుతూ ఆ పిల్ల చేతులు ఆగిపోయాయి.

"ఒక్కసారి తప్పయిందమ్మా అని ఉంటే చాలు వదినా. ఎప్పుడో మర్చిపోయేదాన్ని. అంటాడేమోనని రోజూ చూసేదాన్ని. భోజనం దగ్గర చూశాను, ఆసుపత్రిలో చూశాను. ఆ ఉత్తరం కోసం రెండున్నర నెలలే ఎదురుచూశాను. ఈ మాట కోసం పదకొండేళ్ళు చూశాను. నేనంటే అంత లెక్కలేదా ఆయనకు?"

అప్పుడు ఏడ్చింది, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, చిన్నపిల్లలా. నా నోటి దాకా వచ్చింది. ఆ రెండో కాగితంలోని మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. బల్ల చివర, మర్నాడు తను తీసుకెళ్ళి చూపించాల్సిన కొత్త ఆసుపత్రి బొమ్మలు చుట్టచుట్టి ఉన్నాయి. ఏడాది నుంచి గీస్తోంది వాటిని.

"ఆయనకు మొదట్నుంచీ మాటలు తక్కువే కదే" అన్నాను.